కోటి వరుసల డేటాకి గ్రాఫు గీసే సాఫ్ట్‌వేర్ ఎట్లా ఎంచుకోవాలి

"ఎక్సెల్ తెరుచుకోవడం లేదు. పెద్ద డేటాకి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ఒక్క పేరు చెప్పండి చాలు."

రొయ్యల గుంటల్లో సెన్సర్లు పెట్టించుకున్నవాళ్లు అడుగుతారు, ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో ప్రాజెక్టు చేసే పిల్లలు అడుగుతారు, ఒంగోలు నుంచి వానల లెక్కల మీద పరిశోధన చేసేవాళ్లూ అడుగుతారు. పేరు చెప్పడం సులువే. అది మీ డేటాకి నప్పుతుందో లేదో తేల్చుకోవడం రాకపోతే మాత్రం, రేపు డేటా పదింతలయ్యాక మళ్లీ ఇదే ప్రశ్నతో వస్తారు. అందుకని పేర్లూ చెబుతాను, తేల్చుకునే పద్ధతీ చెబుతాను.

ముందు ఒక్క లెక్క. మామూలు ల్యాప్‌టాప్ తెర అడ్డం 1920, నిలువు 1080 పిక్సెళ్లు. మొత్తం 20,73,600 చుక్కలు. మీ దగ్గర కోటి కొలతలుంటే అవన్నీ అందులో పట్టవు. ఏ సాఫ్ట్‌వేరైనా కొన్నిటిని వదిలెయ్యాల్సిందే, లేదా కొన్నిటిని కలిపెయ్యాల్సిందే. ఎంత వేగంగా గీస్తుందని అందరూ అడుగుతారు. దేన్ని వదిలేస్తోందని ఎవరూ అడగరు. సాఫ్ట్‌వేర్ ఎంపిక మొత్తం ఆ రెండో ప్రశ్న మీదే ఉంది. సిద్ధాంతం ఇంతే, ఇక పని చూద్దాం.

ఏమేం కావాలి

- డేటా ఫైలు, దానికో కాపీ. అసలు ఫైలు మీద ఏ పనీ చెయ్యొద్దు.
- 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్. 4 జీబీతోనూ నెట్టుకు రావచ్చు, 5వ మెట్టు దాటెయ్యకుండా చేస్తే.
- డక్‌డీబీ. ఉచితం, చిన్న ప్రోగ్రాము, సర్వర్ అక్కర్లేదు. ర్యామ్‌లో పట్టని ఫైలునీ చదివి లెక్కలు తీస్తుంది.
- పైథాన్ (కోడు రాసే భాష) వస్తే మంచిది. రాకపోయినా దారి ఉంది, 3వ మెట్టులో చెబుతాను.
- ఒక కాగితం, పెన్ను.

1. వరుసలు లెక్కపెట్టండి

ఫైలు ఎన్ని జీబీలుందో కాదు, ఎన్ని వరుసలుందో చూడండి. ఉదాహరణకి, గుంటలో డీవో (నీళ్లలో కరిగిన ప్రాణవాయువు) మీటరు 10 సెకన్లకోసారి కొలత రాస్తుందనుకుందాం. రోజుకి 8,640 వరుసలు. 120 రోజుల పంటకి 10,36,800. ఎక్సెల్ షీటులో పట్టేవి 10,48,576. అంటే ఒక గుంట, ఒక పంట అంచు మీద ఇరుక్కుని పట్టేస్తుంది. పట్టుబడి రెండు రోజులు ఆలస్యమైతే పొంగిపోతుంది. లిబ్రేఆఫీస్ కాల్క్‌కీ మామూలుగా అదే హద్దు. ఇక పది గుంటలవి కలిపి చూడాలంటే 1,03,68,000 వరుసలు.

హద్దు దాటితే ఎక్సెల్ మిగతా వరుసలు లోడు కాలేదని ఒక చిన్న హెచ్చరిక చూపిస్తుంది. మనం అలవాటుగా ఓకే నొక్కేస్తాం. అక్కడ సేవ్ కూడా కొట్టామంటే మిగతా డేటా ఆ ఫైలులోంచి పోయినట్టే. ఇది చిన్నవాళ్లకే జరిగే పని కాదు. 2020 అక్టోబరులో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ ఫార్మాటు వాడి, దాని 65,536 వరుసల హద్దు దాటడంతో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయాయి.

ఎన్ని వరుసలున్నాయో కాగితం మీద రాసుకోండి. చివర్లో ఈ అంకెతో పనుంది.

2. గ్రాఫులో ఏం కనబడాలో ఒక్క వాక్యం రాయండి

"డేటా చూడాలి" అని రాస్తే చాలదు. ఇట్లా రాయండి:

- తెల్లవారుజామున డీవో 3 కంటే కిందికి ఎన్నిసార్లు పోయింది?
- నీటి వేడి పెరిగితే డీవో ఎట్లా మారుతోంది, పది గుంటల్లోనూ ఒకేలా ఉందా?
- సోమశిల జలాశయానికి పైన పరీవాహకంలో ఏ ప్రాంతంలో ఎంత వాన పడింది?

మొదటిది అరుదుగా వచ్చే పతనాల వేట. రెండోది గుంపు ఎటు మొగ్గుతోందని అడగడం. మూడోది పటం. మూడింటికీ మూడు వేరు వేరు పనిముట్లు. ఈ వాక్యం రాయకుండా సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లే వారానికొకటి మారుస్తుంటారు.

3. డేటా రూపాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ పట్టుకోండి

*కాలంతో నడిచే గీత అయితే* (సెన్సర్లు, మీటర్లు, విద్యుత్ లోడు): కొన్ని లక్షల వరుసల దాకా నూప్లాట్, వ్యూజ్, ల్యాబ్‌ప్లాట్ సరిపోతాయి, మూడూ ఉచితం. నూప్లాట్ 1986 నుంచీ ఉంది. మౌసుతో పనిచేసే అలవాటున్నవాళ్లకి మొదట్లో మొండిగా అనిపిస్తుంది, కానీ ఒకసారి రాసిపెట్టుకున్న ఆదేశాలు ఏళ్ల తరబడి పనిచేస్తాయి. లక్షలు దాటి కోట్లలోకి వెళ్తే, పైథాన్ వచ్చినవాళ్లు పైక్యూటీగ్రాఫ్ గానీ ప్లాట్లీ రీశాంప్లర్ గానీ తీసుకోండి. మీరు దగ్గరికి జూమ్ చేసిన కొద్దీ ఇవి అసలు డేటాలోంచి ఎక్కువ వివరం తెచ్చి చూపిస్తాయి. గుంట గట్టు మీద లైవ్‌గా చూడాలంటే గ్రఫానా వేరే దారి, దానికి వెనక డేటాబేస్ ఒకటి నడవాలి.

*చుక్కల గుంపు అయితే* (దీనితో దాన్ని పోల్చేవి): పైథాన్‌లో డేటాషేడర్. కొన్ని లక్షలే అయితే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోని హెక్స్‌బిన్, ఆర్ భాష వాడేవాళ్లకి జీజీప్లాట్2లో అలాంటిదే ఉంది.

*గళ్ల డేటా, పటాలు అయితే*: నెట్‌సీడీఎఫ్ (గళ్ల డేటా దాచే ఫార్మాటు) ఫైలు తెరిచి చూడాలంటే నాసావాళ్ల పనోప్లీ. పటం అచ్చుకి ఇవ్వాలంటే జీఎంటీ. లెక్కలు కూడా చెయ్యాలంటే పైథాన్‌లో ఎక్స్‌అర్రే. మూడు కొలతల మోడలింగు ఫలితాలకి పారావ్యూ. వాతావరణ శాఖ వాన గళ్ల డేటా 0.25 డిగ్రీలది, 135 × 129 గళ్లు. ఖాళీ గళ్లతో కలిపి ఒక ఏడాదికే 63 లక్షల పైచిలుకు విలువలు. దాన్ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలుగా) మార్చి ఎక్సెల్‌లో తెరవాలని చూసేవాళ్లున్నారు. అట్లా చెయ్యొద్దు, ఆ ఫార్మాటులోనే ఉంచండి.

*కోడు రాయడం రాదు అంటే*: టాప్‌క్యాట్. ఖగోళ శాస్త్రవేత్తల కోసం బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో పుట్టిన జావా ప్రోగ్రాము. నక్షత్రాల పట్టికల కోసం చేసిందే, దానికి నక్షత్రమైనా రొయ్య గుంటైనా ఒక వరుసే. మామూలు ల్యాప్‌టాప్ మీద లక్షల వరుసలు మౌసుతో తిప్పుకోవచ్చు. చుక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డచోట రంగు ముదురు చేసి చూపిస్తుంది కూడా. మన దగ్గర దీని పేరు విన్నవాళ్లు తక్కువ.

ఆరిజిన్, మ్యాట్‌ల్యాబ్ మాటేమిటంటారా? మీ కాలేజీకి లైసెన్సు ఉంటే నిక్షేపంగా వాడండి. పెన్‌డ్రైవులో చేతులు మారే క్రాక్ కాపీలు మాత్రం వద్దు. పైన చెప్పినవి ఉచితంగా ఉండగా వైరస్‌తో పాటు తెచ్చుకోవాల్సిన అవసరం ఏముంది?

4. తేదీ, గడియారం సరిచూడండి

గ్రాఫు తప్పుగా వచ్చిందని వచ్చేవాళ్లలో చాలామంది దగ్గర గ్రాఫు బాగానే ఉంటుంది, తేదీలే తప్పుంటాయి.

మొదటిది, రోజూ నెలా తారుమారు కావడం. మీటరు 03/04 అని ఏప్రిల్ 3 రాస్తే, అమెరికా పద్ధతిలో పెట్టిన కంప్యూటరు దాన్ని మార్చి 4 అనుకుంటుంది. 13/04 దగ్గరకొచ్చేసరికి 13వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీ అనుకోకుండా వట్టి అక్షరాలుగా వదిలేస్తుంది. ప్రతి నెలా మొదటి 12 రోజులు ఎక్కడో పడి, మిగతావి మాయమై ఉంటే కారణం ఇదే. విరుగుడు: తేదీని ముందే సంవత్సరం-నెల-రోజు వరసలోకి మార్చేసుకోండి.

రెండోది, గడియారం. చాలా లాగర్లు (కొలతలు రాసిపెట్టే పరికరాలు) యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలంలో రాస్తాయి. మన టైము దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. పరీక్ష తేలిక: గుంటలో డీవో అట్టడుక్కి పోయేది తెల్లవారబోయే ముందు. మీ గ్రాఫులో ఆ పల్లం అర్ధరాత్రి 12 దగ్గర కనబడుతుంటే అది యూటీసీ. 5:30 కలపండి.

5. సీఎస్‌వీని పార్కెట్‌లోకి మార్చండి

1.03 కోట్ల వరుసలు, 5 కాలమ్‌లు, ఒక్కో అంకెకి 8 బైట్లు. అంటే సుమారు 415 ఎంబీ. ఇది అంకెలు అంకెలుగా ఉన్నప్పటి మాట. తేదీలు అక్షరాలుగా ఉండిపోతే ర్యామ్‌లో అంతకు ఎన్నో రెట్లు తింటుంది, 4 జీబీ మిషన్ అక్కడే చతికిలబడుతుంది. డక్‌డీబీలో ఒక్క ఆదేశంతో సీఎస్‌వీ పార్కెట్ అవుతుంది, అంటే కాలమ్‌ల వారీగా కుదించి దాచే ఫైలు. ఫైలు చిన్నదవుతుంది, కావాల్సిన కాలమ్ మాత్రమే చదువుకోవచ్చు.

కరెంటు నమ్మకం లేని చోట పెద్ద ఫైలుని ఒకే దెబ్బలో మార్చకండి. గుంటకొకటి, నెలకొకటి విడగొట్టండి. మధ్యలో కరెంటు పోయినా ఒక ముక్కే పోతుంది.

6. తగ్గించే పద్ధతిని మీరే ఎంచుకోండి, సాఫ్ట్‌వేర్‌కి వదలొద్దు

అసలు పని ఇక్కడుంది. నిదానంగా చదవండి.

120 రోజుల పంటని 1920 పిక్సెళ్ల వెడల్పులో గీస్తే, ఒక్కో పిక్సెల్ నిలువు గీతలోకి సరిగ్గా 90 నిమిషాలు వస్తాయి. 10 సెకన్ల డేటాలో అవి 540 కొలతలు. 540ని ఒక్క గీతలోకి దించాలి. మూడు పద్ధతులు జనం వాడతారు.

*ఇన్ని వరుసలకొకటి చొప్పున తీసుకోవడం.* అందరూ మొదట చేసేది ఇదే. నూప్లాట్‌లో ఎవ్రీ అని ఉంటుంది, అన్నిటిలోనూ ఏదో పేరుతో ఉంటుంది. రోజుకొక కొలత చాలులే అని 8,640 వరుసలకొకటి తీశారనుకోండి. లాగర్ మధ్యాహ్నం 2 గంటలకి మొదలైతే మీకు దొరికేవన్నీ మధ్యాహ్నం 2 గంటల కొలతలే. ఎండ బాగా ఉండి నీళ్లలో పచ్చదనం ప్రాణవాయువు వదిలే వేళ. పంటంతా డీవో బ్రహ్మాండం. తెల్లవారుజామున రొయ్య పైకి తేలిన రోజులు ఒక్కటీ కనబడవు. రోజువారీ లయ ఉన్న డేటాకి ఈ పద్ధతి వాడొద్దు. కాదూ కూడదంటే వరుసలు యాదృచ్ఛికంగా తియ్యండి.

*సగటు.* ఇది ఇంకా మర్యాదగా దాస్తుంది. 90 నిమిషాల్లో 70 నిమిషాలు డీవో 5 ఉంది, ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఆగిన 20 నిమిషాలు 2.5కి పడింది. సగటు 4.4. గ్రాఫు చూసినవాళ్లకి ఏ గొడవా లేదు. గుంటలో జరిగింది వేరు. నెలవారీ ధోరణి చూడాలంటే సగటు మంచిదే. ప్రమాదాలు వెతికేటప్పుడు పనికిరాదు.

*కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఉంచుకోవడం.* ప్రతి 90 నిమిషాలకీ అతి తక్కువ విలువ, అతి ఎక్కువ విలువ తీసి మధ్యలో నిలువు గీత. ఎంత చిన్న పతనమైనా తప్పించుకోలేదు. పైక్యూటీగ్రాఫ్‌లో తగ్గించే పద్ధతులు మూడుంటాయి. వాటిలో పీక్ అనేది ఇదే, అదే పెట్టండి.

ఎల్‌టీటీబీ అనే పద్ధతి పేరు కూడా వింటారు. 2013లో ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఒక ఎంఎస్ సిద్ధాంత వ్యాసంలో వచ్చింది. గీత ఆకారాన్ని చక్కగా నిలుపుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒక ముక్కలోంచి ఒక్క చుక్కనే ఎంచుకుంటుంది. ఆ ముక్కలోనే పైకొక ముల్లు, కిందికొక పల్లం ఉంటే రెండింట్లో ఒకటి పోతుంది. ప్రెజెంటేషనుకి సరే, ప్రమాదాల వేటకి కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. కనిష్ఠం, గరిష్ఠం తీశాక మిగిలేవి 1920 × 2, అంటే 3,840 అంకెలు. ఇంతోటి దానికి ఎక్సెల్ కూడా చాలు! డక్‌డీబీతో 90 నిమిషాలకోసారి కనిష్ఠ గరిష్ఠాలు తీసి చిన్న సీఎస్‌వీ రాసుకుంటే, మీకు బాగా అలవాటైన పాత పనిముట్టుతోనే గ్రాఫు గీసుకోవచ్చు. జూమ్ చేసి చూడాల్సిన అవసరం లేకపోతే కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాల్సిన పనే లేదు. అడిగినవాళ్లలో సగం మందికి నేను చివరికి చెప్పేది ఇదే, వాళ్లకి కొంచెం నిరాశగా ఉంటుంది గానీ.

చుక్కల గుంపుకి సంగతి వేరు. కోటి చుక్కలు పెడితే నీలం ముద్ద ఒకటి వస్తుంది. రొట్టెల పండగనాడు స్వర్ణాల చెరువు గట్టుని పైనించి ఫోటో తీస్తే అన్నీ తలలే. ఎక్కడ పలచగా ఉన్నారు, ఎక్కడ తొక్కిసలాడుతున్నారు తెలియదు, ఇదీ అట్లాగే. చుక్కల్ని పారదర్శకంగా చేస్తే తీరుతుందని అంటారు. వేలల్లో ఉంటే తీరుతుంది. ఒక్కో చుక్క నూటికి ఒక వంతే రంగున్నా, 300 చుక్కలు ఒకచోట పడితే అది దాదాపు పూర్తి రంగే. 300కీ 30,000కీ తేడా కనబడదు. అందుకే ఒక్కో గడిలో ఎన్ని పడ్డాయో లెక్కబెట్టి రంగు వేసేవి కావాలి: హెక్స్‌బిన్, డేటాషేడర్. రంగు కొలబద్దని లాగరిథమ్‌లో పెట్టండి, లేకపోతే బాగా చిక్కగా ఉన్న ఒక్క మూల తప్ప అంతా ఖాళీగా అనిపిస్తుంది.

డేటాషేడర్ వాడేవాళ్లకి హెచ్చరిక: మీరేమీ చెప్పకపోతే అది హిస్టోగ్రాం ఈక్వలైజేషన్ అనే పద్ధతిలో రంగు వేస్తుంది. దాన్నిబట్టి ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది తెలుస్తుంది గానీ ఎన్ని రెట్లన్నది తెలియదు. "ఇక్కడ రెండింతలుంది" అని ఆ రంగు చూసి రాయకండి.

7. దొంగ చుక్క పరీక్ష

ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా ఈ పరీక్ష పెట్టకుండా నమ్మొద్దు. ఐదు నిమిషాల పని.

డేటా కాపీ తీసుకోండి. మధ్యలో ఎక్కడో ఒకే ఒక్క వరుసలో డీవో విలువని 0.1 చెయ్యండి. మీ డేటాలో సహజంగా రాని విలువ అయితే చాలు. తేదీ, సమయం కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు ఏమీ జూమ్ చెయ్యకుండా పంటంతా ఒకే గ్రాఫులో గీయండి. ఆ తేదీ దగ్గర కిందికి పల్లం కనబడిందా? కనబడితే సరే. కనబడకపోతే ఆ సాఫ్ట్‌వేర్ గానీ, మీరు పెట్టిన సెట్టింగు గానీ అసలు పతనాల్ని కూడా ఇట్లాగే మింగుతోంది.

దీంతోపాటు మరో మూడు చూడండి:

- 1వ మెట్టులో రాసుకున్న వరుసల సంఖ్య, సాఫ్ట్‌వేర్ చదివానని చెప్పే సంఖ్య ఒకటేనా?
- డక్‌డీబీ చెప్పిన కనిష్ఠ, గరిష్ఠ విలువలు గ్రాఫు కొసల్లో ఉన్నాయా?
- ఏదైనా ఒక గంట దాకా జూమ్ చెయ్యండి. 10 సెకన్ల డేటాలో 360 చుక్కలు కనబడాలి. తక్కువ వస్తే అది జూమ్ చేసినా అసలు డేటా తేవడం లేదు, తగ్గించిన బొమ్మనే సాగదీస్తోంది.

పరీక్ష అయ్యాక దొంగ చుక్క ఉన్న కాపీని వెంటనే తీసెయ్యండి. మరిచిపోతే అది థీసిస్‌లోకి ఎక్కి కూర్చుంటుంది.

8. అచ్చుకి ఇచ్చేటప్పుడు

పది లక్షల చుక్కలున్న గ్రాఫుని వెక్టర్ పీడీఎఫ్‌గా దాస్తే ప్రతి చుక్కా ఫైలులో విడిగా ఉంటుంది. ఫైలు పదుల ఎంబీలు, జిరాక్స్ షాపులో ప్రింటరు మొరాయిస్తుంది, షాపతను మిమ్మల్ని పక్కకి నిలబెట్టి వెనకాలవాళ్లకి తీసిస్తాడు. విరుగుడు: చుక్కల పొరని మాత్రం బొమ్మగా మార్చి, అక్షాలు, అక్షరాలు వెక్టర్‌గానే ఉంచండి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో రాస్టరైజ్డ్ అనే సెట్టింగు దానికే. 16 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మకి 300 డీపీఐలో సుమారు 1,890 పిక్సెళ్లు చాలు. జేపెగ్ వద్దు, సన్నటి గీతల చుట్టూ మరకలొస్తాయి. పీఎన్‌జీ వాడండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

*ఖాళీని గీతతో కలిపెయ్యడం.* అన్నిటికంటే చేటు ఇదే. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, బ్యాటరీ లేని లాగరూ ఆగుతుంది. అంటే డీవో ఎక్కువగా పడే అవకాశమున్న గంటల్లోనే డేటా ఉండదు. సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? రాత్రి 11 గంటల చుక్క నుంచి ఉదయం 7 గంటల చుక్కకి చక్కటి తిన్నని గీత లాగుతుంది. చూసినవాళ్లు ఆ రాత్రి ప్రశాంతంగా గడిచిందనుకుంటారు. రెండు కొలతల మధ్య మీ వ్యవధికి మూడింతలు దాటితే అక్కడొక ఖాళీ విలువ చొప్పించండి, గీత తెగుతుంది. నూప్లాట్‌లో అయితే డేటా మధ్య ఖాళీ వరుస పెట్టినా తెగుతుంది. తెగినచోట బూడిద రంగు పట్టీ వేస్తే ఇంకా మంచిది.

*-999ని కొలత అనుకోవడం.* కొలత లేదని చెప్పేదానికి చాలా డేటాల్లో -999 రాస్తారు, వాన గళ్ల డేటాలోనూ ఉంటుంది. తీసెయ్యకుండా సగటు కడితే నెల్లూరు తీరంలో వాన మైనస్‌లో పడుతుంది. అట్లా మైనస్ వస్తే తప్పు వెంటనే తెలుస్తుంది. ఒకటి రెండు -999లు వేల కొలతల్లో కలిసి సగటుని కొద్దిగా లాగితేనే కష్టం, ఎవరికీ అనుమానం రాదు.

*ఆఖరి ఫైలుతోనే మొదలుపెట్టడం.* ముందు ఒక్క రోజు డేటాతో గ్రాఫు సరిగ్గా రానివ్వండి, తర్వాత వారం, తర్వాత పంట. ఒక్కో దశలో ఎంతసేపు పట్టిందో చూడండి. డేటా ఏడింతలైతే సమయం ఏడింతలు అయితే పరవాలేదు. ఒక్కసారిగా యాభై అరవై రెట్లు అయిందంటే ర్యామ్ నిండి డిస్కు మీద పడుతోంది. 5వ మెట్టుకి వెనక్కి వెళ్లండి.

*వేగానికి మురిసిపోవడం.* బ్రౌజర్‌లో కళ్లు మూసి తెరిచేలోగా వచ్చే గ్రాఫులన్నీ ఎక్కడో ఒకచోట డేటా తగ్గించే ఉంటాయి. తగ్గించడం తప్పు కాదు. ఎట్లా తగ్గిస్తోందో సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో చూపించకపోతే, మార్చనివ్వకపోతే దాన్ని పక్కన పెట్టండి. గ్రాఫు కింద ఒక వాక్యం రాయడం అలవాటు చేసుకోండి: "10 సెకన్ల కొలతలు, 90 నిమిషాలకోసారి కనిష్ఠ గరిష్ఠాలు, భారత కాలమానం." వైవాలో మొదటి ప్రశ్నకి జవాబు అక్కడే ఉంటుంది.